పాటల రికార్డింగుకూ ఆటలకూ ఒకే కంప్యూటరు: భాగాల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా, భీమవరం నుంచి కాకినాడ దాకా ఇంట్లో ఒక గదిని చిన్న స్టూడియోగా మార్చుకుంటున్నవారు చాలామంది ఉన్నారు. భక్తిగీతాలు, చర్చి పాటలు, జానపదాలు, సినిమా పాటల కవర్లు అక్కడే రికార్డు అవుతున్నాయి. అదే కంప్యూటరులో రాత్రిళ్లు ఆటలు కూడా ఆడుకోవాలన్నది ఎక్కువమంది కోరిక. వారి సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటున్నందున వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాము. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. విడిభాగాల ధరలు వారం వారం మారుతుంటాయి కనుక రూపాయల లెక్కలు ఇవ్వలేదు.

## కొనాలనుకుంటున్నప్పుడు

రెండు పనులకూ ఒకే కంప్యూటరు సరిపోతుందా, వేరువేరుగా కొనాలా?

సరిపోతుంది. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండింటికీ ఉమ్మడిగా ఉపయోగపడతాయి. అయితే ఈ రెండు పనుల స్వభావం వేరు. ఆటలో సెకనుకు వంద ఫ్రేముల్లో ఒకటి ఆలస్యమైతే ఆడేవారు గమనించరు, ఫ్యాన్లు హోరుమన్నా హెడ్‌ఫోన్లలో వినిపించదు. రికార్డింగులో ధ్వని చిన్నచిన్న ముక్కలుగా ప్రాసెసర్ దగ్గరికి వస్తుంది. 48 కిలోహెర్ట్జ్ వేగంతో (సెకనుకు 48 వేల ధ్వని కొలతలు, అంటే శాంపిళ్లు), 128 శాంపిళ్ల బఫర్‌తో (ఒక్కో ముక్కలో 128 శాంపిళ్లు) పని చేస్తుంటే ఒక్కో ముక్కను 2.67 మిల్లీసెకన్లలో పూర్తి చేయాలి. ఒక్కసారి గడువు తప్పినా పాట మధ్యలో 'టప్' అన్న చప్పుడు పడుతుంది. పైగా క్యాబినెట్ చేసే శబ్దమంతా మైకులోకి వెళ్తుంది. అందువల్ల నిశ్శబ్దాన్నీ నిలకడనూ దృష్టిలో పెట్టుకుని ముందు రికార్డింగుకు తగిన యంత్రాన్ని కూర్చుకుని, ఆటల కోసం దానికి గ్రాఫిక్స్ కార్డును చేర్చుకోవడం మంచిది. ఆటల యంత్రాన్ని ముందు కట్టేసి, తరువాత దాన్ని నిశ్శబ్దంగా మార్చబోతే ఖర్చు రెండింతలవుతుంది.

ఉన్న డబ్బులో దేనికి ఎంత కేటాయించాలి?

దుకాణాల్లో సాధారణంగా సగం సొమ్ము గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది, చివరికి మిగిలిన కొద్దిపాటితో ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) వస్తుంది. ఈ అవసరానికి ఆ పద్ధతి పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డుకు కంప్యూటరు ఖర్చులో మూడో వంతు మించకుండా చూసుకోండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), మైకు, హెడ్‌ఫోన్లు, యూపీఎస్, అవసరమైతే ఎర్తింగు పని, వీటన్నిటికీ మొదటి రోజునే విడిగా డబ్బు పక్కన పెట్టండి. చాలని పక్షంలో గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకుని, కార్డును ఆరు నెలల తరువాత కొనుక్కోవచ్చు. కార్డు ఎప్పుడైనా వచ్చి చేరుతుంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌ను, మదర్‌బోర్డును మార్చవలసి వస్తే మాత్రం మొదట పెట్టిన డబ్బు పోయినట్టే.

ల్యాప్‌టాప్ కొంటే గుడికీ చర్చికీ తీసుకెళ్లి రికార్డు చేయవచ్చు కదా?

మీ పనిలో సగానికి పైగా బయట జరిగేదైతే సాధారణ ల్యాప్‌టాప్ మంచి ఎంపికే. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే హమ్ (కరెంటు వల్ల రికార్డింగులో పడే మంద్రమైన హోరు) బాధ కూడా తగ్గుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ విషయం వేరు. పలుచని పెట్టెలో చిన్న ఫ్యాన్లు అతివేగంగా తిరగవలసి రావడంతో దాని కీచుశబ్దం మైకులో పడుతుంది. పైగా కీబోర్డు దగ్గరే కూర్చుని పాడతారు కనుక దూరంగా జరిపే వీలు కూడా ఉండదు. ఇంట్లోనే ఎక్కువ పని ఉన్నవారికి డెస్క్‌టాప్, అప్పుడప్పుడు బయటికి వెళ్లేందుకు చేతిలో ఇమిడే రికార్డరు, ఈ రెండూ కలిపి ఒక్కోసారి గేమింగ్ ల్యాప్‌టాప్ కన్నా చవకగా వస్తాయి.

పాత కంప్యూటరు ఉంది. దాన్నే బాగుచేసుకోవచ్చా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కోసం ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 శ్రేణి లేదా ఆ తరువాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. మీది ఆ స్థాయిలో ఉంటే ఎస్‌ఎస్‌డీ, మరికొంత ర్యామ్ చేర్చి ఇంకొన్నేళ్లు నడపవచ్చు. ఏఎండీ ఏఎమ్4 సాకెట్ (ప్రాసెసర్‌ను అమర్చే చోటు) ఉన్న బీ450 వంటి మదర్‌బోర్డులు చాలావరకు బయాస్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) అప్‌డేట్‌తో రైజెన్ 5000 శ్రేణిని అంగీకరిస్తాయి. తక్కువ ఖర్చుతో పెద్ద మార్పు తెచ్చే మార్గాల్లో ఇది ఒకటి. అంతకన్నా పాతదైతే క్యాబినెట్, మానిటర్ ఉంచుకుని మిగతావి కొత్తగా తీసుకోండి.

## భాగాల ఎంపిక

ప్రాసెసర్ ఇంటెల్ తీసుకోవాలా, ఏఎండీ తీసుకోవాలా?

రెండింటిలో ఏదైనా ఈ పనికి చాలుతుంది. ఆరు కోర్లు (విడివిడిగా పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఏకకాలంలో నడిపే పనులు) ఉన్నవాటిని కనీస ప్రమాణంగా పెట్టుకోండి. ఇంటెల్‌లో కోర్ ఐ5-12400, ఏఎండీలో రైజెన్ 5 5600, రైజెన్ 5 7600 ఈ కోవలోవి. మిక్సింగు సాఫ్ట్‌వేరు ట్రాకులను వేర్వేరు కోర్లకు పంచుతుంది కానీ ఒకే ట్రాకు మీద వరుసగా పెట్టిన ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ వంటి, ధ్వనిని మలిచే ప్లగిన్లన్నీ సాధారణంగా ఒకే కోరు మీద నడుస్తాయి. ఆటలకు కూడా ఒక్కో కోరు వేగమే ముఖ్యం. కాబట్టి పన్నెండు, పదహారు కోర్లున్న నెమ్మది ప్రాసెసర్ కన్నా ఆరు కోర్లున్న వేగమైనది మేలు.

కొన్నేళ్ల తరువాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారికి ఏఎండీ ఏఎమ్5 సాకెట్ అనుకూలంగా ఉంటుంది. 2022లో వచ్చిన ఈ సాకెట్‌కు కనీసం 2027 వరకు కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఆ సంస్థ ప్రకటించింది. ఇంటెల్ 12, 13, 14వ తరాల సాకెట్ తరువాతి శ్రేణికి మారిపోయింది కనుక అందులో ముందుకు వెళ్లే దారి 14వ తరం దగ్గర ఆగిపోతుంది. ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద మోడళ్లలో అధిక వోల్టేజీ కారణంగా స్థిరత్వం దెబ్బతినే లోపం బయటపడగా, 2024 ఆగస్టులో ఆ సంస్థ సవరణ విడుదల చేసింది. ఆ తరాలవి కొంటే బయాస్ తాజాగా ఉందో లేదో చూసుకోవాలి. ఆ పెద్ద మోడళ్లను సెకండ్ హ్యాండ్‌లో మాత్రం తీసుకోవద్దు.

ప్రాసెసర్ పేరు చివర ఎఫ్, కే, జీ అక్షరాలు ఎందుకు? ఏది తీసుకోవాలి?

ఇంటెల్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదు, కే అంటే వేగాన్ని పెంచుకునే వీలుంది. ఏఎండీలో జీ అంటే చిన్నపాటి ఆటలకు సరిపోయే గ్రాఫిక్స్ లోపలే ఉంది. ఎఫ్ రకం కొంచెం చవకైనా లోపల గ్రాఫిక్స్ ఉన్నదే తీసుకోమని మా సలహా. గ్రాఫిక్స్ కార్డు పాడై వారంటీకి వెళితే విజయవాడకో హైదరాబాద్‌కో పోయి తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు. అంతకాలం ఆటలు ఆగినా పాట ఆగదు.

ర్యామ్ 16 జీబీ చాలదా?

గొంతు, ఒకటి రెండు వాద్యాలు రికార్డు చేసి మిక్సింగు చేసుకునేవారికి, నేటి ఆటల్లో చాలావాటికి 16 జీబీ చాలుతుంది. నమూనా ధ్వనులతో నడిచే తబలా, వయొలిన్ బృందం, పియానో వంటి లైబ్రరీలను వాడేవారికి 32 జీబీ కావాలి, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్లు ప్రతి స్వరపు తొలి భాగాన్ని ర్యామ్‌లో ముందే నింపి పెట్టుకుంటాయి.

ఒకే పెద్ద స్టిక్కు బదులు సమానమైన రెండు స్టిక్కులు వేస్తే డ్యూయల్ చానెల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా నడవడం) పని చేసి ఆటల్లో స్పష్టమైన తేడా కనిపిస్తుంది. డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్కులు ఒకదాని స్లాటులో మరొకటి పట్టవు. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. 32 జీబీ భారమైతే ఇప్పుడు రెండు 8 జీబీ స్టిక్కులు తీసుకుని, మిగిలిన రెండు స్లాట్లను తరువాతి కోసం వదిలేయడం డీడీఆర్4 బోర్డుల్లో సమంజసమే. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు నింపితే వేగం తగ్గించవలసి రావచ్చు.

మదర్‌బోర్డులో ఏమేమి చూడాలి?

ఏఎండీకి బీ550 లేదా బీ650, ఇంటెల్ 12 నుంచి 14వ తరానికి బీ760 రకం చాలు. ఎం.2 స్లాట్లు (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోట్లు) రెండు, వెనుక వైపు యూఎస్‌బీ పోర్టులు కనీసం ఆరు, ప్రాసెసర్ పక్కన కరెంటు భాగాలపై హీట్‌సింకు ఉంటే అది తగిన బోర్డే. రంగురంగుల లైట్లకు పెట్టే డబ్బుతో మంచి మైకు కేబులు వస్తుంది.

పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేస్తే మిక్సింగు వేగంగా అవుతుందా?

కాదు. మిక్సింగు పని దాదాపు అంతా ప్రాసెసర్‌దే. పాటకు వీడియో కూర్చి ఎగుమతి చేసేటప్పుడు, ఆటను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేసేటప్పుడు కార్డులోని వీడియో ఎన్‌కోడర్ బాగా తోడ్పడుతుంది. అంతకుమించి రికార్డింగులో దాని పాత్ర లేదు.

ఆటల కోసం 1080పీ మానిటర్ పెట్టుకునేవారు తయారీదారు చెప్పే వాట్ల అంకెను తప్పక చూడాలి. ఆర్‌టీఎక్స్ 4060 గరిష్ఠంగా 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060 145 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 165 వాట్లు, ఇంటెల్ ఆర్క్ బీ580 190 వాట్లు తీసుకుంటాయి. వాడే ప్రతి వాటూ చివరికి ఆ గదిలో వేడిగానే మిగులుతుంది. తక్కువ వాట్ల కార్డుకు ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి, గది చల్లగా ఉంటుంది, యూపీఎస్ ఎక్కువసేపు నిలుస్తుంది. ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ ఉండటం మాత్రం దానికి కలిసివచ్చే అంశం, ఎందుకంటే కొత్త ఆటల్లో 8 జీబీ ఇరుకవుతోంది.

పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే సదుపాయం ఉన్న మోడల్నే ఎంచుకోండి. రికార్డింగు సమయంలో కార్డుకు పని ఉండదు కనుక ఆ నిశ్శబ్దం అప్పనంగా దొరుకుతుంది. కొన్ని కార్డుల్లో ఫ్రేముల సంఖ్య పెరిగినప్పుడు కాయిళ్ల నుంచి సన్నని కూత వస్తుంది. ఆటలో ఫ్రేముల సంఖ్యకు పరిమితి పెడితే అది తగ్గుతుంది.

స్టోరేజీ ఎంత కావాలి? అతివేగపు ఎస్‌ఎస్‌డీ అవసరమా?

లెక్క వేసి చూద్దాం. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ తీసుకుంటుంది. పదహారు ట్రాకులు ఒక గంట పాటు ఏకకాలంలో రికార్డు చేసినా సుమారు 8.3 జీబీ అవుతుంది, డిస్కు మీద పడే వేగం సెకనుకు 2.3 ఎంబీ మాత్రమే. అంటే రికార్డింగుకు సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ కూడా ఎక్కువే. స్థలాన్ని మింగేవి ఆటలు, ధ్వని లైబ్రరీలు. ఒక్కో పెద్ద ఆట వంద జీబీ దాటుతోంది.

1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీతో (ఎం.2 స్లాటులో పట్టే వేగమైన రకం) మొదలుపెట్టి, రెండో స్లాటులో పాటల కోసం ఇంకొకటి వేసుకుంటే విండోస్ మళ్లీ ఎక్కించవలసి వచ్చినా పాటలు భద్రంగా ఉంటాయి. హార్డ్‌డిస్క్ క్యాబినెట్‌లో వద్దు, దాని గిరగిర శబ్దం బల్ల ద్వారా మైకు స్టాండుకు పాకుతుంది. బయట పెట్టుకునే హార్డ్‌డిస్క్‌లో వారానికొకసారి నకలు తీసి, దాన్ని ఇంకో గదిలో ఉంచండి.

## కరెంటు, ఎర్తింగు

రికార్డింగులో 'గుయ్' మని హమ్ వస్తోంది. ఏ భాగం మార్చాలి?

ఏదీ మార్చకముందు ఎర్తింగు చూపించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ స్థాయిలోనో, దానికి రెట్టింపు 100 హెర్ట్జ్ స్థాయిలోనో వినిపించే మంద్రమైన హోరు ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. పాత పెంకుటిళ్లలోనూ, ఇరవై ముప్ఫై ఏళ్ల కిందటి డాబాల్లోనూ మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా లోపల ఎర్త్ తీగ కలపని సందర్భాలు కనిపిస్తాయి. ఎలక్ట్రీషియన్ మీటరుతో కొలిస్తే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఇంచుమించు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు కనిపించాలి. రెండో అంకె పదుల్లో ఉంటే ఎర్తింగు లేనట్టే లెక్క.

డెల్టా నేలలో తేమ పుష్కలంగా ఉండటం ఎర్తింగుకు అనుకూలమే. కానీ సముద్రానికి దగ్గరగా ఉన్న ఉప్పు నేలల్లో జీఐ పైపు త్వరగా తుప్పు పట్టి, పైన బాగానే కనిపిస్తూ లోపల తెగిపోతుంది. రాగి పూత వేసిన కడ్డీ ఇలాంటి చోట ఎక్కువకాలం మన్నుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత పద్ధతి గుంట అయితే వేసవిలో నీళ్లు పోస్తుండాలి.

ఎర్తింగు సరిగా ఉన్నా హమ్ వస్తుంటే కంప్యూటరు, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు, కీబోర్డు వాద్యం అన్నిటినీ ఒకే జంక్షన్ బాక్సుకు కలిపి చూడండి. వేర్వేరు సాకెట్ల ఎర్త్‌ల మధ్య ఏర్పడే వలయం అలా తెగిపోతుంది. స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (దారిలో చేరే హోరును రద్దుచేసే రకం) వాడండి. హమ్ పోవాలని ప్లగ్గుకు ఉన్న ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే వినవద్దు. లోపం వచ్చిన రోజున గిటారు తీగకూ పెదవి తగిలే మైకుకూ మధ్య మనిషే తీగ అవుతాడు.

ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లది తీసుకోవాలి?

65 వాట్ల తరగతి ప్రాసెసర్, 115 నుంచి 190 వాట్ల కార్డు, మిగతా భాగాలు అన్నీ కలిపినా మొత్తం 350 వాట్ల లోపే తేలుతుంది. 550 నుంచి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటే అది సగం బరువు మీద నడుస్తూ తక్కువ శబ్దం చేస్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ కనీసం, వీలైతే గోల్డ్ తీసుకోండి. ఆ ముద్ర కరెంటు ఎంత సమర్థంగా వాడుతుందో చెబుతుంది తప్ప లోపలి రక్షణ సర్క్యూట్ల నాణ్యతను చెప్పదు, కాబట్టి ఐదేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ వారంటీ ఇచ్చే మోడళ్ల వైపు మొగ్గండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ముద్రలేని ఎస్‌ఎంపీఎస్ మీద గ్రాఫిక్స్ కార్డు నడపడం ప్రమాదకరం.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. యూపీఎస్ కూడా కావాలా?

ఇన్వర్టర్ ఏ రకమో ముందు చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆడియో పరికరాలు హోరెత్తుతాయి, నాణ్యమైన ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఇబ్బంది పడతాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయి, యూపీఎస్ మోడ్‌లో పెడితే కొన్నిచోట్ల అదొక్కటే సరిపోతుంది. కరెంటు పోయి బ్యాటరీకి మారే క్షణంలో కంప్యూటరు ఆగిపోతోందంటే ఆ మార్పిడి సమయం ఎస్‌ఎంపీఎస్ ఓపికను దాటిందని అర్థం. ఓపిక అంటే పూర్తి బరువు మీద సుమారు 16 మిల్లీసెకన్లే.

విడిగా కొంటే లైన్ ఇంటరాక్టివ్ సైన్ వేవ్ యూపీఎస్ మేలు. దాని మీద రాసే వీఏ అంకె వాట్ల అంకె కాదు, 1000 వీఏ యూపీఎస్ చాలావరకు 600 వాట్లే ఇస్తుంది. యూపీఎస్ పని ఫైలు సేవ్ చేసి కంప్యూటరును ఆపే వ్యవధి ఇవ్వడం వరకే. దానికీ సొంత గుర్రు ఉంటుంది, కరెంటు పోతే బీప్ కూడా చేస్తుంది, కాబట్టి మైకుకు దూరంగా పెట్టండి.

మా ఊళ్లో చెరువుల దగ్గర ఏరేటర్లు ఆన్ చేయగానే వోల్టేజీ పడిపోతుంది. స్టెబిలైజర్ పెట్టాలా?

మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. కొన్ని 200 నుంచి 240 వరకే పనిచేస్తాయి కనుక లేబుల్ చదివి కొనండి. మొదటి రకం ఉంటే వోల్టేజీ తగ్గుదల కోసం స్టెబిలైజర్ అక్కరలేదు. పైగా రిలే స్టెబిలైజర్ వోల్టేజీ మారినప్పుడల్లా టక్కుమని చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు సరిగ్గా ఆలాపన మధ్యలో పడుతుంది. వోల్టేజీని సరిదిద్దే ఏవీఆర్ ఉన్న యూపీఎస్ తీసుకుంటే చీటికీ మాటికీ బ్యాటరీకి మారకుండా ఉంటుంది. అసలు ముప్పు కరెంటు తిరిగి వచ్చేటప్పుడు దూసుకొచ్చే అధిక వోల్టేజీతోనూ పిడుగులతోనూ వస్తుంది. ఉరుములు మొదలవగానే ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ కేబులు కూడా ఊడదీయండి, చాలామంది రెండోది మరచిపోతారు.

## శబ్దం, వేడి, తేమ

ఫ్యాను, ఏసీ ఆపి పాడుతుంటే గది ఉడికిపోతోంది. కంప్యూటరు శబ్దం కూడా తగ్గాలి. ఏం చేయాలి?

మే నెలలో రాజమహేంద్రవరం వంటి చోట్ల 40 డిగ్రీలు దాటే ఎండల్లో ఇది నిజమైన సమస్య. మొదటి ఉపాయం డబ్బు అడగదు. కార్డియాయిడ్ మైకుకు వెనుక వైపు వినికిడి అతి తక్కువ కనుక క్యాబినెట్‌ను మైకు వీపు వైపు, గోడకు చేర్చి పెట్టండి. రెండోది, బయాస్‌లో ఫ్యాన్ల వేగాన్ని సవరించి, ప్రాసెసర్ 60 డిగ్రీలు దాటేవరకు ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేలా పెట్టండి. రికార్డింగు సమయంలో ప్రాసెసర్ అంతకు మించి వేడెక్కడం అరుదు.

వీలున్నవారు క్యాబినెట్‌ను పక్క గదిలో పెట్టి గోడకు చిన్న రంధ్రం చేసి కేబుళ్లు లాగుకోవచ్చు. యూఎస్‌బీ 2.0 కేబులు పొడవు 5 మీటర్లు దాటకూడదన్న నియమం గుర్తుంచుకోండి. ఇంతకన్నా నిశ్శబ్దాన్నిచ్చే విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. కూలర్ విషయానికి వస్తే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ చాలు. ఆరు కోర్ల ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలర్ అనవసరం, దాని పంపు రికార్డింగు జరుగుతున్నప్పుడు కూడా ఆగదు.

జాలీ క్యాబినెట్ మేలా, మూసి ఉన్నది మేలా?

మూసి ఉన్నది నిశ్శబ్దంగా ఉంటుందనిపిస్తుంది కానీ మన వేడిలో లోపలి ఫ్యాన్లు వేగం అందుకోవడంతో ఆ లాభం పోతుంది. ముందు భాగమంతా జాలీగా ఉండి, 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేది మేలు. గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటి కన్నా ఎక్కువ ఉంటే గాలి ఫిల్టర్ల గుండానే వస్తుంది. రైసు మిల్లుల దగ్గర ఊక దుమ్ము, కోనసీమలో కొబ్బరి పీచు నూగు ఉండే ఊళ్లలో ఈ ఏర్పాటు తప్పనిసరి.

సముద్రం దగ్గర ఊరు మాది. తేమకూ ఉప్పుగాలికీ పాడవుతుందా?

రోజూ నడిచే యంత్రం తన వేడితోనే తేమను దూరంగా ఉంచుకుంటుంది. నెలల తరబడి ఆపి ఉంచినదే ఎక్కువగా తుప్పు పడుతుంది, కాబట్టి వాడకపోయినా రెండు మూడు రోజులకొకసారి గంటసేపు నడపండి. సముద్రం వైపు కిటికీ ఎదుట పెట్టవద్దు. ఏసీతో బాగా చల్లబడిన గది తలుపులు ఒక్కసారిగా తెరిస్తే చల్లని లోహం మీద తేమ పడుతుంది, కనుక ముందు ఏసీ ఆపి కొంతసేపు ఆగండి. కంప్యూటరు కన్నా కండెన్సర్ మైకే తేమకు త్వరగా లొంగుతుంది. వాన రోజుల్లో అందులో చిటపట చప్పుళ్లు వస్తే అది తేమ లక్షణం. వాడిన తరువాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో భద్రపరచండి.

లంక గ్రామాలవారు జూలై నుంచి సెప్టెంబరు దాకా క్యాబినెట్‌నూ యూపీఎస్‌నూ నేల మీద ఉంచకపోవడం మంచిది. ఖాళీ స్లాట్ల మూతలు ఊడిపోయి ఉంటే బిగించండి, బల్లులూ చీమలూ వెచ్చదనం కోసం అక్కడి నుంచే దూరతాయి.

## ధ్వని పరికరాలు

మదర్‌బోర్డులోనే సౌండ్ ఉంది కదా, ఆడియో ఇంటర్‌ఫేస్ ఎందుకు?

ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) మైకును కలిపే చోటు, కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్, శుభ్రమైన ప్రీయాంప్ (మైకు సంకేతాన్ని పెంచే భాగం), అన్నిటికన్నా ముఖ్యంగా తయారీదారు సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్, ఇవేవీ మదర్‌బోర్డులో ఉండవు. ఆ డ్రైవరు లేకపోతే పాడిన గొంతు హెడ్‌ఫోన్లలోకి ఆలస్యంగా చేరి తాళం తప్పిస్తుంది. రెండు ఇన్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్‌తో మొదలుపెట్టండి, గొంతూ హార్మోనియమూ ఒకేసారి తీయవచ్చు. ఇలాంటివాటికి యూఎస్‌బీ 2.0 వేగం చాలు. ఆటల ధ్వనిని కూడా దీని గుండానే వినాలనుకుంటే విండోస్‌లోనూ రికార్డింగు సాఫ్ట్‌వేరులోనూ 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, రెండూ వేర్వేరుగా ఉంటే కొన్ని ఇంటర్‌ఫేస్‌లు మొరాయిస్తాయి.

కండెన్సర్ మైకా, డైనమిక్ మైకా?

కండెన్సర్ మైకు గొంతులోని సూక్ష్మాలతో పాటు వీధిలో ఆటో, పక్కింటి కోడి, పంట కాలువ మీద పంపుసెట్టు అన్నీ పట్టేస్తుంది. పరుపులు, మందపాటి కర్టెన్లతో సిద్ధం చేయని గదికి డైనమిక్ మైకు నయం. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 నేటికీ ఆ పని చేస్తోంది. డోలు, నాదస్వరం వంటి బిగ్గరైన వాద్యాలకూ డైనమిక్ చాలు. వీణ, వేణువు, వయొలిన్ ఎక్కువగా తీసేవారు కండెన్సర్ తీసుకుని, గదిని దానికి తగ్గట్టు సిద్ధం చేసుకోవాలి. షూర్ ఎస్‌ఎం7బీ చూసి ముచ్చటపడేవారు దానికి సుమారు 60 డెసిబెళ్ల గెయిన్ (ధ్వని పెంపు) కావాలని, చవక ఇంటర్‌ఫేస్‌లు ఆ స్థాయిలో బుసకొడతాయని గమనించాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పనికివస్తాయా?

రికార్డింగుకు పనికిరావు, ఆలస్యం చాలా ఎక్కువ. తీగ ఉన్నవి, చెవిని పూర్తిగా మూసేవి తీసుకోండి.

## కొనుగోలు

రాజమండ్రిలో కొనాలా, హైదరాబాద్ వెళ్లాలా, ఆన్‌లైన్లో తెప్పించాలా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటరు దుకాణాల సముదాయం సీటీసీలోనూ, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ రకాలు ఎక్కువ, బేరం కూడా కుదురుతుంది. జీఎస్టీ ఎక్కడైనా 18 శాతమే. ప్రయాణం ఖర్చు, పాడైతే మళ్లీ వెళ్లే శ్రమ కలుపుకుంటే తేడా తగ్గిపోతుంది. క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, మానిటర్, యూపీఎస్ వంటి బరువైనవి రాజమండ్రి, కాకినాడ, భీమవరం దుకాణాల్లో తీసుకుని, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వంటివి ధర చూసి ఎక్కడైనా తెప్పించుకోవచ్చు. ఎక్కడ కొన్నా ప్రతి భాగం సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడగండి. పెట్టె లేకుండా ఇచ్చే ట్రే ప్రాసెసర్‌కు తయారీదారు వారంటీ వర్తించకపోవచ్చు. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయడం మాత్రం మరవకండి.

సెకండ్ హ్యాండ్‌లో ఏవి తీసుకోవచ్చు?

క్యాబినెట్, మానిటర్, డైనమిక్ మైకు, బిల్లూ మిగిలిన వారంటీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు తీసుకోవచ్చు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ నాణెం కోసం గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగు ఆగిపోయాక ఆ పనిలో అరిగిన కార్డులు చాలా మార్కెట్లోకి వచ్చాయి, కాబట్టి ఆ కాలపు కార్డును అరగంట పాటు బరువైన ఆట నడిపి చూడనిదే డబ్బు ఇవ్వకండి. ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ బ్యాటరీ పాతవి వద్దు.

## బిగింపు, వాడకం

సొంతంగా బిగించుకోవచ్చా?

ఓపికగా చేస్తే ఒక మధ్యాహ్నం పని. ఎక్కువమంది తప్పేది కొన్ని చోట్లే: ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్నుల తీగ కలపకపోవడం, కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీయకపోవడం, మానిటర్ కేబులును కార్డుకు బదులు మదర్‌బోర్డుకు పెట్టడం. బిగించాక బయాస్‌లో ర్యామ్ వేగానికి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోవచ్చు, సెట్టింగుల్లో మార్చుకోవాలి.

కొత్త కంప్యూటరే, అయినా రికార్డింగులో టపటప చప్పుళ్లు వస్తున్నాయి. ఎందుకు?

సాధారణంగా కారణం విడిభాగం కాదు, ఏదో ఒక డ్రైవరు. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామును పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవరు ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచుతోందో చూపిస్తుంది. తరచుగా పట్టుబడేవి వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు. రికార్డింగు వేళ వైఫై ఆపండి, ఆటల లాంచర్లూ ఓవర్లేలూ మూసేయండి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. ఇంటర్‌ఫేస్‌ను హబ్బుకు కాకుండా వెనుక పోర్టుకు నేరుగా కలపండి. పాడేటప్పుడు 128 శాంపిళ్ల బఫర్, మిక్సింగుకు 512 లేదా 1024 పెట్టుకోండి.

వాలరెంట్ ఎక్కించాక రికార్డింగుకు అడ్డం రాదా?

ఆ ఆటతో వచ్చే వాన్‌గార్డ్ అనే మోస నిరోధక ప్రోగ్రాము కంప్యూటరు ఆన్ అయినప్పటి నుంచే లోపల నడుస్తుంటుంది. విండోస్ 11లో దానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఆన్ అయి ఉండాలి. పాత ఇంటర్‌ఫేస్‌ల డ్రైవర్లతో దానికి పొసగనట్టు అనిపిస్తే రికార్డింగుకు ముందు గడియారం పక్కనున్న దాని గుర్తు మీద నొక్కి ఆపేయవచ్చు. మళ్లీ ఆడాలంటే కంప్యూటరును రీస్టార్ట్ చేయవలసి ఉంటుంది.

ఎన్నాళ్లకోసారి లోపల శుభ్రం చేయాలి?

ఫిల్టర్లను నెలకోసారి కడిగి ఆరబెట్టండి. లోపల మూడు నాలుగు నెలలకోసారి, వేసవి దుమ్ము ముగిసి వానలు మొదలయ్యేలోపు ఒకసారి తప్పకుండా చేయండి. కరెంటు ప్లగ్గు తీసి, బ్లోయరు పట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో ఆపి ఉంచాలి, లేకపోతే బేరింగులు దెబ్బతింటాయి. తడిగుడ్డ ఎక్కడా వాడకూడదు.